వీనస్ డి మిలో: చేతుల గొడవ, ఇంకొన్ని అపోహలు

శిల్పం నేర్చుకునే పిల్లలకు పాఠాలు చెప్పడం నా పని. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న వీనస్ డి మిలో అనే చేతుల్లేని ప్రాచీన గ్రీకు దేవత విగ్రహం ఫొటో తెర మీద వేయగానే ఏటా అవే మాటలు వినిపిస్తాయి. అందులో సగం గాలి కబుర్లు.

అపోహ: కొట్లాటలో చేతులు విరిగాయి.

1820 ఏప్రిల్‌లో, ఒట్టోమన్ తుర్కుల పాలనలో ఉన్న మిలోస్ అనే గ్రీకు దీవిలో ఒక రైతు తవ్వుతుంటే ఈ విగ్రహం ముక్కలు ముక్కలుగా బయటపడింది. అక్కడే ఉన్న ఒలివియే వూటియే అనే ఫ్రెంచ్ నౌకాదళ యువకుడు బొమ్మలు గీసుకున్నాడు. ఆ బొమ్మల్లోనే చేతులు లేవు. విగ్రహం కోసం ఫ్రెంచ్ వాళ్లూ ఒట్టోమన్ల తరఫు వాళ్లూ ఒడ్డున కొట్టుకున్నారని, ఆ లాగులాటలో చేతులు ఊడాయని కథ తర్వాత అల్లుకుంది. వినడానికి బాగుంటుంది, అందుకే చావదు.

అపోహ: ఇదంతా ఒకే రాతిలో చెక్కింది.

కాదు. పారోస్ దీవి పాలరాతి దిమ్మెలు ప్రధానంగా రెండు, నడుము దగ్గర కలుస్తాయి. అతుకు సరిగ్గా చీర కుచ్చిళ్లలాంటి ఆ బట్ట మడతల దగ్గర పడేలా చూసుకున్నాడు శిల్పి. ఎడమ చేయి కూడా విడిగా చెక్కి అతికించిందే. కుడి రొమ్ము కింద పూడ్చేసిన ఒక బెజ్జం ఉంది. కుడి చేతికి ఆసరాగా లోహపు కడ్డీ దిగిన చోటు అది. ఏటా పిల్లలతో చిన్న ప్లాస్టర్ నమూనాకు మట్టి చేతులు పెట్టిస్తాను. లోపల ఊచ పెట్టని చేయి పాఠం అయ్యేలోపే కింద పడుతుంది. ఆ బెజ్జం ఎందుకో అప్పుడు నేను చెప్పక్కర్లేదు.

విగ్రహంతో పాటు ఆపిల్ పట్టుకున్న ఒక ఎడమ చేయి కూడా దొరికింది. గ్రీకులో ఆపిల్‌ను పిలిచే మాట, ఆ దీవి పేరు దగ్గరగా ఉంటాయి. ఆ చేతి పనితనం మొరటుగా ఉంది కాబట్టి ఈ విగ్రహానిది కాదని కొందరు తోసిపుచ్చారు. నాకైతే అది పెద్ద కారణంగా అనిపించదు. పైకెత్తిన చేతిని కింద నిలబడి చూసేవాడికి ఎంత కనిపిస్తుంది? ఈ విగ్రహం వీపు వైపు పని కూడా ముందు వైపు అంత నున్నగా లేదు.

అపోహ: క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు శిల్పి ప్రాక్సిటెలిస్ కాలం నాటిది.

ఇది అపోహ కాదు, ఆశ. నెపోలియన్ ఓడాక, కొల్లగొట్టి తెచ్చిన కళాఖండాలను ఫ్రాన్స్ తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. 1815లో మెడిచి వీనస్ అనే పేరుమోసిన విగ్రహం ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు వెళ్లిపోయింది. ఆ వెలితిలో ఈ విగ్రహం వచ్చింది. ఇస్తాంబుల్‌లోని ఫ్రెంచ్ రాయబారి రివియేర్ దాన్ని ఫ్రాన్స్ రాజు 18వ లూయీకి కానుకగా ఇస్తే, ఆయన 1821లో లూవ్ర్‌కు ఇచ్చాడు. ఇంత గొప్పది క్రీ.పూ. 4వ శతాబ్దపు మహాశిల్పి చేతి పనే అయి ఉండాలని పెద్దలు నిశ్చయించుకున్నారు.

చిక్కల్లా దానితో పాటు దొరికిన పీఠం ముక్కతోనే. మియాండర్ నది ఒడ్డు ఆంటియోక్ వాడు, మెనిడెస్ కొడుకు చెక్కాడని దాని మీద రాసి ఉంది. పేరు మొదట్లో కొన్ని అక్షరాలు పోయాయి. అలెగ్జాండ్రోస్ అని పూరించుకుంటారు. ఆ ఊరు ప్రాక్సిటెలిస్ తర్వాత పుట్టింది! ఇక ఆ ముక్క ఏమైందో చూడండి: మ్యూజియంలో కనిపించకుండా పోయింది. డెబే అనే విద్యార్థి గీసిన బొమ్మ మాత్రం మిగిలింది. ఇప్పుడు విగ్రహాన్ని సుమారు క్రీ.పూ. 150-125 మధ్యదిగా లెక్కిస్తున్నారు.

అపోహ: తెల్లగా, నగలేవీ లేకుండా ఉండేది.

గ్రీకులు విగ్రహాలకు రంగులు వేసేవాళ్లు. దీని మీద రంగు ఇప్పుడు కనిపించదు గానీ, నగలు తగిలించిన బెజ్జాలు ఉన్నాయి: తలకట్టు, చెవిపోగులు, దండకడియం.

అపోహ: ఈమె కచ్చితంగా వీనస్.

వీనస్ అనేది ప్రేమ దేవతకు రోమన్ల పేరు, గ్రీకులకు ఆఫ్రొడైటీ. ఎక్కువమంది మాట అదే. మిలోస్‌లో పూజలందుకున్న సముద్ర దేవత ఆంఫిట్రైటీ కావచ్చనే వాదనా ఉంది. గ్రీకు కథలో అందాల పోటీ గెలిచి ఆపిల్ అందుకున్నది ఆఫ్రొడైటీయే కాబట్టి, ఆ చేతిలో ఆపిల్ నిజమైతే మొదటి మాటకే బలం.