సంత ముగిశాక ఆ చోటు ఎవరిది?

మా పర్లాకిమిడిలో చాలా ఇళ్లలో తెలుగు, బళ్లో ఒడియా, కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంగ్లిష్. ఇన్ని భాషల మధ్య పెరిగిన పిల్లలు సీ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ని కూడా బాగానే పట్టుకుంటారు కానీ, ఒక్క చోట మాత్రం దాదాపు అందరూ ఆగిపోవడం చూస్తుంటాను. ఫంక్షన్ (ప్రోగ్రాంలో ఒక పని చేసిపెట్టే ముక్క) లోపల తయారుచేసుకున్న అర్రేని (అంకెలు వరసగా పెట్టుకునే గళ్లు) బయటికి ఎలా పంపాలి అన్న దగ్గర.

మొన్న సాయంత్రం మా వీధి అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది, ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. వాళ్ల నాన్న కొండల మీంచి వచ్చే అల్లం, పసుపు, చింతపండు కొని చుట్టుపక్కల సంతల్లో అమ్ముతారు. ఆయన వారం అమ్మకాల లెక్క కోసం ఓ చిన్న ప్రోగ్రాం రాసింది. ఫంక్షన్ లోపల ఏడు గళ్ల అర్రే ఒకటి పెట్టుకుని, అందులో ఏడు రోజుల అంకెలు నింపి, దాన్ని రిటర్న్ చేస్తుంది, అంటే పిలిచినవాళ్లకి తిరిగి పంపుతుంది. ముందురోజు ఆ ఏడింటినీ కూడి మొత్తం వేస్తే 4310 వచ్చింది, నాన్న పుస్తకంలోనూ అంతే ఉంది. ఇవాళ రోజువారీగా విడివిడిగా వేద్దామని చూస్తే మొదటి రోజు 640 సరిగ్గానే వచ్చింది, రెండో రోజుకి ముప్పై రెండు వేల చిల్లర, మూడో రోజుకి ముందు మైనస్ గుర్తు, వెనకాల పది అంకెలు!

"ఇదేటి మాస్టారూ, నిన్న మొత్తం బాగానే వచ్చింది కదా, విడగొడితే ఇలాగైపోయిందేటి?"

కోడ్ చూశాను. ముందు ఆ అమ్మాయి అర్రే పేరునే నేరుగా రిటర్న్ చేసిందట, కంపైలర్ (కోడ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) వార్నింగ్ ఇచ్చిందట, అప్పుడు క్లాసులో ఎవరో చెబితే అర్రే ఉన్న చోటు అడ్రస్‌ని ఒక పాయింటర్‌లో (అడ్రస్ దాచుకునే వేరియబుల్) పెట్టి ఆ పాయింటర్‌ని రిటర్న్ చేసింది. వార్నింగ్ పోయింది, తప్పు మాత్రం అక్కడే ఉంది. వార్నింగ్‌ని నోరు మూయించడం వేరు, అది చెబుతున్నది విని సరిచేసుకోవడం వేరు, ఈ తేడా మన పిల్లలకి ఎవరూ గట్టిగా చెప్పకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

"ఫంక్షన్ ముగిశాక లోకల్ వేరియబుల్స్ డీఅలోకేట్ అవుతాయి" అని తనకి కంఠతా వచ్చు. పరీక్షలో అదే రాసింది కూడా. అందుకని నేను సంత గురించి అడిగాను.

"సంత రోజు మీ నాన్న ఏ చోట కూర్చుంటారమ్మా?"

"చింతచెట్టు కింద, రెండో వరస."

"సంత అయిపోయాక ఆ చోటు ఎవరిది?"

"ఎవరిదీ కాదు. తరవాత ఎవరొస్తే వాళ్లది."

స్టాక్ అంటే అదే. ఫంక్షన్‌ని పిలవగానే దానికి మెమరీలో కొంత చోటు దొరుకుతుంది, లోకల్ అర్రే అక్కడే సరుకు పరుస్తుంది. ఒక్కో అంకెకి 4 బైట్లు చొప్పున ఏడింటికి 28 బైట్లు. ఫంక్షన్ ముగిసిందంటే సంత ఎత్తేసినట్టే. కాకపోతే కంప్యూటర్ ఆ చోటుని ఊడ్చి శుభ్రం చేయదు, ఖాళీ అయిందని గుర్తు మాత్రం వెనక్కి జరుపుతుంది, సరుకు అక్కడే పడి ఉంటుంది. "చింతచెట్టు కింద రెండో వరస" అన్న అడ్రస్ పట్టుకుని వెంటనే వెళితే అల్లం కనిపిస్తుంది. ఈలోపు ఇంకొకరొచ్చి దుకాణం పెడితే అదే చోట గాజులు కనిపిస్తాయి. అడ్రస్ తప్పు కాదు, ఆ చోటు మీద మనకి హక్కే పోయింది.

నిన్న ఎందుకు సరిగ్గా వచ్చిందో ఇప్పుడు చూడండి. ఏడింటినీ కూడుతున్నంతసేపూ మధ్యలో ఇంకో ఫంక్షన్‌ని పిలవలేదు, ఆ ఖాళీ చోటులోకి ఎవరూ రాలేదు, పాత అంకెలు అలాగే ఉన్నాయి. ఇవాళ లూప్‌లో మొదటి అంకెని తీసుకుని, తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్‌కి ఇచ్చింది. ప్రింట్‌ఎఫ్ కూడా ఒక ఫంక్షనే కదా, దానికీ చోటు కావాలి, సరిగ్గా అక్కడే వచ్చి కూర్చుంది. అందుకే 640 బతికింది, మిగతా ఆరూ దాని కింద పడి చెడిపోయాయి. ఈ మాట చెప్పగానే తను స్క్రీన్ వైపు తిరిగి "అంటే నేను చూద్దామని వేసిన ప్రింటే చెరిపేసిందా!" అంది. అవును, అదే. ఇలాంటి కోడ్ ఎలా నడుస్తుందో సీ స్టాండర్డ్ ఏ హామీ ఇవ్వదు, ఇంకో కంపైలర్‌లో మొదటి లైనుకే ప్రోగ్రాం పడిపోవచ్చు. నన్నడిగితే పడిపోవడమే నయం, నిన్న సరిగ్గా వచ్చిన 4310 అంతకంటే ప్రమాదం.

అసలు సీలో అర్రేని అర్రేగా రిటర్న్ చేయడమే ఎందుకు కుదరదు? ఒక అంకెని చేయొచ్చు, స్ట్రక్చర్‌ని (రకరకాల విలువల్ని ఒకే మూటగా కట్టేది) చేయొచ్చు, అర్రే ఏం పాపం చేసింది? దీని వెనక ఒక కథ ఉంది. బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో సీని తయారు చేస్తున్నప్పుడు, దానికి ముందున్న బీ అనే భాషలో అర్రే అంటే ఒక గది, ఆ గదిలో అసలు సరుకు ఎక్కడుందో చెప్పే అడ్రస్. రిచీ స్ట్రక్చర్లు చేర్చాలనుకున్నాడు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అప్పట్లో ఒక ఫైలు పేరు నమోదుకి 2 బైట్ల నంబరు, దాని పక్కనే 14 అక్షరాల పేరు ఉండేవి. డిస్క్ మీద ఉన్న ఆ 16 బైట్లనే స్ట్రక్చర్ అచ్చంగా చూపించాలి, మరి మధ్యలో ఆ అడ్రస్ గది ఎక్కడ పెట్టాలి? ఆయన గదినే తీసేశాడు. అర్రే పేరు లెక్కలో దాదాపు ఎక్కడ వాడినా, అప్పటికప్పుడు దాని మొదటి గడి అడ్రస్‌గా మారిపోతుంది అని నియమం పెట్టాడు. చాలా తెలివైన పని, నాకు ఎంతో ఇష్టమైన నిర్ణయం కూడా. కానీ రిటర్న్ పక్కన అర్రే పేరు రాస్తే వెళ్లేది సరుకు కాదు, అడ్రస్ చీటీ, ఆ మెలిక దాంతోపాటే వచ్చింది.

అదే అర్రేని ఒక స్ట్రక్చర్ లోపల పెట్టి స్ట్రక్చర్‌ని రిటర్న్ చేస్తే మొత్తం సరుకు కాపీ అయి చక్కగా వస్తుంది. చాలామందికి ఇది తెలియదు.

ఇంకో దారి, అన్నిటికంటే పాతదీ గట్టిదీ, సంతకి మన సంచి మనమే తీసుకెళ్లడం. పిలిచేవాడే అర్రే సిద్ధం చేసుకుని ఫంక్షన్‌కి ఇస్తాడు, ఫంక్షన్ అందులో నింపుతుంది. సంచి మనది కాబట్టి ఇంటిదాకా వస్తుంది. ఒక్క షరతు, సంచి ఎంతదో చెప్పాలి. బయటి నుంచి వచ్చే అక్షరాల్ని చదివే గెట్స్ అనే పాత ఫంక్షన్ ఆ పరిమాణం అడగకుండానే నింపేది. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ అనే, తనంతట తానే పాకే ప్రోగ్రాం వేల కంప్యూటర్లలోకి పాకిపోయిందంటే, అది వాడుకున్న కంతల్లో ఒకటి ఇదే, 512 బైట్ల చోటులోకి అంతకంటే ఎక్కువ కుక్కడం. సీ స్టాండర్డ్‌లోంచి గెట్స్‌ని పూర్తిగా తీసేసింది 2011లో.

మాలాక్ అనే ఫంక్షన్‌తో హీప్ మీద (స్టాక్ కాకుండా, విడిగా అడిగి తీసుకునే మెమరీ) చోటు తీసుకుని ఆ అడ్రస్ పంపడం ఇంకో పద్ధతి. గోడౌన్ అద్దెకి తీసుకున్నట్టన్నమాట, సంత ఎత్తేసినా సరుకు ఉంటుంది, కానీ తాళంచెవి ఎవరో ఒకరు తిరిగి ఇవ్వాలి. ఆ ఇచ్చేది ఎవరన్నది రాసుకోకపోతే చోటు లీకవుతుంది, లేదా ఇద్దరూ ఇచ్చేసి ప్రోగ్రాం చెడుతుంది. స్టాటిక్ అర్రే, అంటే ప్రోగ్రాం నడిచినంతసేపూ ఒకే చోట ఉండేది, కూడా వాడొచ్చు గానీ నేను పిల్లలకి వద్దనే చెబుతాను, ఊరందరికీ ఒకటే బల్ల అది. సీలోనే సీటైమ్ అనే ఫంక్షన్ అలా పనిచేస్తుంది, తేదీని 26 అక్షరాల చోటులో రాసి దాని అడ్రస్ ఇస్తుంది. రెండు వేర్వేరు సమయాలకి రెండుసార్లు పిలిచి ఒకే ప్రింట్‌లో వేయండి, మామూలుగా రెండుసార్లూ ఒకటే తేదీ కనిపిస్తుంది, రెండోది మొదటిదాని మీదే రాసేస్తుంది మరి.

పైథాన్, జావా నేర్చుకున్నవాళ్లకి ఈ గొడవ లేదనిపిస్తుంది. అక్కడ అర్రేలు, లిస్ట్‌లు అన్నీ గోడౌన్‌లోనే ఉంటాయి, ఎవరికీ అక్కర్లేని సరుకుని గార్బేజ్ కలెక్టర్ ఏరేస్తుంది, జాన్ మెకార్తీ లిస్ప్ భాష కోసం 1959 ప్రాంతంలో కనిపెట్టిన పద్ధతి. కానీ పైథాన్‌లో లిస్ట్ రిటర్న్ చేస్తే వెళ్లేది కాపీ కాదు. మీ ఆబ్జెక్ట్ లోపలి లిస్ట్‌నే ఇచ్చేస్తే, తీసుకున్నవాళ్లు అందులో ఒక అంకె మారిస్తే మీ ఇంట్లో లెక్కా మారుతుంది. గో భాషలో కంపైలర్ ముందే చూసుకుని, అడ్రస్ బయటికి పోయేలా ఉంటే ఆ సరుకుని హీప్ మీదే పెడుతుంది. రస్ట్ అయితే అసలు ఒప్పుకోదు, ముగిసిపోయే చోటు అడ్రస్ బయటికి పంపితే కంపైలే అవ్వదు. అర్రేనే విలువగా పంపమంటే మాత్రం నిక్షేపంగా పంపుతుంది.

ఆ రోజు చివర్లో తనకి చూపించింది ఇంకొకటి ఉంది, ఇది నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటే. ఏడు అంకెల అర్రేని స్ట్రక్చర్‌లో పెట్టి రిటర్న్ చేస్తే కింద ఏం జరుగుతుందో అసెంబ్లీలో (కంపైలర్ తయారుచేసే యంత్ర సూచనలు) చూశాం. మామూలు 64 బిట్ (ఇంటెల్ రకం) లైనక్స్ కంప్యూటర్లలో 16 బైట్లు దాటిన స్ట్రక్చర్ రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి చిన్న గదులు) పట్టదు, మనది 28. అందుకని పిలిచేవాడు తన దగ్గరే చోటు ఉంచుకుని, దాని అడ్రస్‌ని మనకి కనబడకుండా మొదటి ఆర్గ్యుమెంట్‌గా పంపుతాడు, ఫంక్షన్ అందులోనే నింపుతుంది.

"అంటే ఇదీ సంచేనా మాస్టారూ?"

సంచే. మనం తీసుకెళ్లకపోతే కంపైలర్ తీసుకెళ్తోంది.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక మాటలో చెబితేనే పాఠం తలకెక్కుతుందని ఆయన పట్టుబట్టారు. "డీఅలోకేట్" అన్న మాట తనకి సంచి, చోటు, హక్కు అన్న మాటల్లో అందిన ఆ నిమిషంలో నాకు ఆయనే గుర్తొచ్చారు.

మర్నాడు ఆ అమ్మాయి కోడ్ మార్చుకుని తెచ్చింది. ఫంక్షన్ ఇప్పుడు అర్రేతో పాటు దాని పరిమాణమూ తీసుకుంటుంది, ఏడుకి బదులు ముప్పై ఒకటి పంపుతోంది, నాన్నకి నెల లెక్క కావాలట.