అడ్రసు చివరి గీత వెనక కథ

గుంటూరు బ్రాడీపేటలో 4/14 అంటే ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. వెబ్ అడ్రసు చివర పడే అదే ఏటవాలు గీత, అంటే స్లాష్, విషయంలో మాత్రం ముప్పై ఏళ్ళు దాటినా సర్వర్లన్నీ ఒక్క మాట మీదకు రాలేదు.

మొన్న మిర్చి సీజన్‌లో ఇక్కడి ఒక కోల్డ్ స్టోరేజీ సైటు మా చేతికొచ్చింది. రైతు తన పేరు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెడతాడో నింపి బటన్ నొక్కితే, ఫారం మళ్ళీ ఖాళీగా తెరుచుకునేది. టిక్కీలు లారీలో ఉండగా ఇదేం టెన్షన్! సర్వరు తనకు వచ్చిన అడ్రసులన్నీ రాసుకునే లాగ్ తీశాం. ప్రతి ప్రయత్నానికీ రెండు వరుసలున్నాయి. మొదటిది ‘బుకింగ్’ అనే అడ్రసుకు పోస్ట్ (వివరాలు పంపడం), జవాబు 301 (అడ్రసు శాశ్వతంగా మారింది, కొత్తదానికి వెళ్ళు). రెండోది ‘బుకింగ్/’ అనే అడ్రసుకు గెట్ (పేజీ ఇమ్మని అడగడం), జవాబు 200 (సరే, ఇదిగో). రైతు నింపిన వివరాలు ఆ రెండు వరుసల మధ్యే పోయాయి.

ఈ స్లాష్ మూలం వెబ్ కంటే పాతది. ఫోల్డర్ల పేర్లను స్లాష్‌తో విడదీయడం యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అలవాటు. యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను తయారుచేసినప్పుడు అడ్రసులకూ ఆ పద్ధతే వచ్చింది. తొలి సర్వర్ల పని ప్రధానంగా డిస్కు మీది ఫైళ్ళను అడిగినవాళ్ళకు ఇవ్వడమే. చివర స్లాష్ ఉంటే ఫోల్డరు, లేకపోతే ఫైలు.

ఈ తేడా బ్రౌజరుకు చాలా ముఖ్యం. ‘ధరలు/’ అనే పేజీలో ‘ఫోటో’ అని పొట్టి లింకు ఉందనుకోండి. బ్రౌజరు ‘ధరలు/ఫోటో’ కోసం వెళ్తుంది. చివర స్లాష్ లేకపోతే ‘ధరలు’ను ఫైలు పేరనుకుని తీసేసి, ఆ స్థానంలో ‘ఫోటో’ పెడుతుంది. బొమ్మ రాదు. అందుకే 1995లో మొదలైన అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్, ఫోల్డరును స్లాష్ లేకుండా అడిగినవాళ్ళను 301తో స్లాష్ ఉన్న అడ్రసుకు పంపుతుంది. మనం ప్రత్యేకంగా ఆపితే తప్ప డైరెక్టరీస్లాష్ అనే సెట్టింగు ఆ పని చేస్తూనే ఉంటుంది. ఫైళ్ళ కాలానికి అది సరైన నిర్ణయమే.

తర్వాత అడ్రసు వెనక ఫోల్డర్లు పోయి ప్రోగ్రాములు వచ్చాయి, అలవాటు మాత్రం మిగిలింది. వెబ్ ప్రోగ్రాములు రాయడానికి వాడే జాంగోలో, చివర స్లాష్ చేర్చే అపెండ్‌స్లాష్ సెట్టింగు మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. 2004లో వచ్చిన ఎన్‌జింక్స్ అనే సర్వర్‌లో స్లాష్‌తో ముగిసే లొకేషన్ (ఏ అడ్రసుకు ఏం చేయాలో చెప్పే నియమం) రాసి దాన్ని ప్రాక్సీకి (అడిగినదాన్ని వెనకున్న ప్రోగ్రాముకు అందించే ఏర్పాటుకు) కలిపితే, స్లాష్ లేని అడ్రసుకు అదే 301 ఇస్తుంది. మా సైటులో జరిగింది ఇదే. 2010లో గూగుల్ కూడా సైట్ల యజమానులకు స్పష్టంగా చెప్పింది: డొమైన్ పేరు వెంటనే వచ్చే స్లాష్‌తో తేడా లేదు కానీ, లోపలి పేజీలకు స్లాష్ ఉన్నదీ లేనిదీ రెండు వేర్వేరు అడ్రసులు.

పోస్ట్ గెట్‌గా మారిపోవడం మరో పాత గాయం. 301 అందుకున్న కొన్ని బ్రౌజర్లు పోస్ట్‌ను పొరపాటుగా గెట్‌గా మారుస్తున్నాయని బ్రౌజర్లూ సర్వర్లూ మాట్లాడుకునే నియమాలు చెప్పే 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రమే రాసింది. బ్రౌజర్లు ఆ దారి వదల్లేదు. చివరికి ప్రమాణాలే దిగొచ్చి, పోస్ట్‌ను పోస్ట్‌గానే ఉంచుతూ కొత్త అడ్రసుకు పంపే 308 అనే జవాబును 2015లో ఖాయం చేశాయి. ఫారాలున్న ప్రతి సైటులోనూ దాన్నే వాడాలని నేను గట్టిగా చెబుతాను.

మేం ఫారంలోని అడ్రసుకు స్లాష్ చేర్చాం. పాత లింకుల కోసం స్లాష్ లేని ‘బుకింగ్’కు విడిగా లొకేషన్ రాసి 308 పెట్టాం. ఆ సాయంత్రం లాగ్‌లో పోస్ట్ పక్కన 200 పడింది. బుకింగుల పట్టికలో మొదటి వరుస, 60 టిక్కీలు.