కోవిడ్ వార్డులో కొత్త సిస్టర్లు: అపోహలు - వాస్తవాలు

బీఎస్సీ నర్సింగ్ అయిపోయిన ఆరు నెలలకి, 2021 మేలో, నా మొదటి ఉద్యోగం కోవిడ్ వార్డులో దొరికింది. ఆ నెల 3న కేంద్రం ఒక ప్రకటన చేసింది. దాని ప్రకారం హౌస్ సర్జన్లను సీనియర్ల పర్యవేక్షణలో కోవిడ్ డ్యూటీలకు తీసుకోవచ్చు, ఫైనల్ ఇయర్ ఎంబీబీఎస్ వాళ్లతో ఫోన్‌లో సలహాలు ఇప్పించవచ్చు, మాలాంటి నర్సులను పూర్తికాలం వార్డుల్లో వేయవచ్చు. ఇప్పుడు నా దగ్గరికి కొత్త పిల్లలు ట్రైనింగ్‌కి వస్తుంటారు. ఆ రోజుల గురించి వాళ్లు విన్న మాటల్లో చాలావరకు తప్పే.

అపోహ: కొత్తవాళ్లకి ఏం తెలుసు, సీనియర్లకి అడ్డం తప్ప.

వాస్తవం: వెంటిలేటర్ సెట్ చేయడం మాకు రాదు, నిజమే. కానీ కోవిడ్ పేషెంట్‌కి రాత్రి మూడింటికి కావలసింది పక్కన ఉండి కనిపెట్టే మనిషి. మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. మంచం మీద ఉన్నంతసేపు శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 93, 94 చూపించేది. మాట బాగుంది, ముఖంలో ఆయాసం లేదు. ఒక రాత్రి ఆక్సిజన్ మాస్క్ తీసేసి బాత్రూమ్‌కి బయల్దేరారు. నాలుగడుగులు వేసి గోడ పట్టుకున్నారు. వేలికి ఆక్సీమీటర్ పెడితే 78. "నాకేం కాలేదు తల్లీ" అంటూనే ఉన్నారు, పెదవులు మాత్రం నీలంగా మారాయి.

మంచం దగ్గరికి తెచ్చి మాస్క్ పెట్టాం. మాస్క్ కింద వేలాడే సంచి ఉబ్బి ఉందా లేదా అని నేను చూడలేదు. హెడ్ నర్స్ వచ్చి, "సంచి అణిగిపోయి ఉంది చూడు, ఆక్సిజన్ ఫ్లో పెంచు" అన్నారు. ఆ సంచి ఊపిరి పీల్చినప్పుడు పూర్తిగా అణిగిపోతే పేషెంట్‌కి ఆక్సిజన్ చాలడం లేదని అర్థం. డ్యూటీ డాక్టర్ చూసి చెప్పాక ఛాతీ కింద ఒకటి, నడుము కింద ఒకటి దిండ్లు పెట్టి బోర్లా పడుకోబెట్టాం. అలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి బాగా అందుతుంది. అరగంటలో 91కి వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన మంచం దిగకుండా యూరిన్ క్యాన్ పక్కనే పెట్టాను. అన్నం తినేటప్పుడు మాస్క్ తీస్తారు కాబట్టి ఆ పది నిమిషాలూ అక్కడే నిలబడేదాన్ని. ఏ గైడ్‌లైన్‌లో అయినా ఇది ఒక్క లైనే. వార్డులో మాత్రం రోజంతా ఇదే పని.

అపోహ: ఆక్సిజన్ సంగతి టెక్నీషియన్లు చూసుకుంటారు, సిస్టర్లకి అనవసరం.

వాస్తవం: పైపులైన్ లేని వార్డులో ఈ లెక్క రాకపోతే ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద సిలిండర్‌లో, అంటే డీ-టైప్‌లో, సుమారు 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 15 లీటర్లు పెడితే గంటకి 900. నిండు సిలిండర్ ఏడున్నర గంటలు వస్తుంది. మీటరు ముల్లు సగానికి దిగిందంటే మిగిలింది నాలుగు గంటల లోపే. ముక్కు గొట్టాల ద్వారా ఎక్కువ వేగంతో ఆక్సిజన్ ఇచ్చే హై ఫ్లో మిషన్ నిమిషానికి 60 లీటర్లు పూర్తిగా ఆక్సిజన్ మీదే నడిస్తే రెండు గంటలు కూడా రాదు. డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌లో మందుల కంటే ముందు ఏ సిలిండర్ ఎప్పుడు మార్చారు, స్పేర్ ఎక్కడుంది, స్పానర్ ఎవరి దగ్గరుంది అని అడగమని మా జూనియర్లకి చెబుతాను. స్పానర్ కోసం వెతుక్కున్న రాత్రి నాకు బాగా గుర్తుంది.

అపోహ: పీపీఈ కిట్ వేసుకున్నాక భయం లేదు.

వాస్తవం: వేసుకునేటప్పుడు కాదు, విప్పేటప్పుడు వైరస్ అంటుకుంటుంది. ఆరు గంటలు చెమటలో తడిసి, దాహం వేసి, ఎప్పుడు బయటపడదామా అన్న తొందరలో ఉంటాం. కిట్ బయటివైపు చేతికి తగులుతుంది, అదే చెయ్యి కళ్లజోడు మీదికి పోతుంది. ప్రతి మెట్టుకీ చేతులు శుభ్రం చేసుకోవాలి. ఎన్-95 అన్నిటికంటే చివర, పేషెంట్ల గది దాటాకే తీయాలి. అద్దం ముందు, ఇంకొకరు చూస్తుండగా విప్పడం మంచిది.

అపోహ: సర్టిఫికెట్ కోసం, గవర్నమెంట్ జాబ్ కోసం వచ్చారు.

వాస్తవం: 100 రోజులు డ్యూటీ చేస్తే రెగ్యులర్ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామని అదే ప్రకటనలో ఉంది. దాని మీద ఆశ పెట్టుకోవడం తప్పేమీ కాదు. మాలో చాలామందికి ఇంటి దగ్గర అప్పులున్నాయి. జీతం అడిగితే సేవ తగ్గిపోదు.

అపోహ: ఇల్లు ఖాళీ చేయమన్నా, తిట్టినా సర్దుకుపోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్స్‌తో సవరించారు, సెప్టెంబర్‌లో అది చట్టమైంది. అంటువ్యాధి సమయంలో ఆరోగ్య సిబ్బందిని కొట్టడమే కాదు, వాళ్లు ఉండే చోట, పనిచేసే చోట వేధించడమూ నేరమే. శిక్ష మూడు నెలల నుంచి ఐదేళ్ల వరకు, బెయిల్ ఇవ్వదగని కేసు. మా ఓనర్ నైట్ డ్యూటీ నుంచి వచ్చిన పొద్దున్నే సాయంత్రానికల్లా గది ఖాళీ చేయమన్నారు. ఈ చట్టం ఉందని అప్పుడు నాకు తెలియదు. రెండు బ్యాగులు పట్టుకుని, నిద్ర కూడా పోకుండా ఫ్రెండ్ గదికి మారిపోయాను.