వేసవిలో తోట పని, కసరత్తు: అపోహలు – వాస్తవాలు

ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి విశాఖలో నా దగ్గర జిమ్ ట్రైనింగ్ తీసుకునే పిల్లల్లో సగం మంది ఊళ్లకు వెళ్లిపోతారు. పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు ఇళ్లున్నవాళ్లే ఎక్కువ. మామిడి కోత, జీడిపిక్కల ఏరివేత, కూరగాయల మడులకు నీళ్లు, అన్నీ ఒకేసారి మీద పడే కాలం అది. వెళ్లేముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఈ రెండు నెలలు కసరత్తు ఎలా?" నేనూ తోట ఉన్న ఇంట్లోనే పుట్టాను, ఇప్పటికీ ప్రతి మే నెలలో మామిడికాయలు కోసే గెడ పట్టుకుంటాను. అందుకే ఈ మాటలు రాస్తున్నాను.

అపోహ: తోట పని చేస్తున్నప్పుడు వేరే కసరత్తు ఎందుకు?

ఇది ఇంట్లో పెద్దవాళ్ల మాట. బీచ్ రోడ్డులో మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం చూపించి, "ఆయన ఏ జిమ్‌కి వెళ్లాడ్రా?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆయన విజయనగరంలో వ్యాయామశాలకు వెళ్లి సాధన చేసినవాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ విద్య నేర్చుకొని వచ్చి, విజయనగరంలోనే పిల్లలకు డ్రిల్ నేర్పాడు. అంత బలం సాధనతో వచ్చిందే.

పని వల్ల ఓపిక వస్తుంది, చేతిపట్టు గట్టిపడుతుంది. అది నిజం. కానీ బలం పెరగాలంటే బరువు కొద్దికొద్దిగా పెరుగుతూ రావాలి, మధ్యలో కండకు విశ్రాంతి దొరకాలి. తోటలో ఆ రెండూ మన చేతిలో ఉండవు. చెట్టు మీద కాయ ఎంతుంటే అంత పని.

మామిడి కోతే చూడండి. చిక్కం కట్టిన గెడ చేతిలో ఉన్నప్పుడు తేలిగ్గానే ఉంటుంది. పైకెత్తి, కాయ చిక్కంలో పడగానే బరువంతా గెడ చివరకు వెళ్తుంది, దాన్ని నిలబెట్టే భారమంతా భుజం ముందు భాగం మీద పడుతుంది. మెడ వెనక్కి వంచి, చేతులు తల పైన పెట్టి, ఇలా మూడు నాలుగు గంటలు. సువర్ణరేఖ మామిడి కోసిన సాయంత్రం మెడకూ భుజానికీ మధ్య కండ రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది, నొక్కితే తెలుస్తుంది. ఆ రోజు షోల్డర్ ప్రెస్ (బరువును భుజాల దగ్గర నుంచి తల పైకి నెట్టడం) చేస్తే గాయాన్ని పిలిచినట్టే. ఆ రోజు చేయాల్సింది కాళ్ల పని, లేదా వెనక్కి లాగే రోయింగ్ లాంటివి. అలాగే రోజంతా వంగి జీడిపిక్కలు ఏరిన రోజు డెడ్‌లిఫ్ట్ (వంగి నేల మీది బరువును ఎత్తి నిలబడటం) వద్దు. పని ఏ కండను వాడిందో చూసి, మిగిలిన వాటికి కసరత్తు ఇవ్వండి. తోట పనిని కూడా సెట్ల (కసరత్తు విడతల) లాగే లెక్కలో వేసుకోవాలి. నా పిల్లలందరి చేతా పుస్తకంలో "గెడ – 3 గంటలు" అని రాయిస్తాను.

అపోహ: రెండు నెలలు తగ్గిస్తే ఏడాది కష్టం పోతుంది.

పోదు. పూర్తిగా మానేస్తే రెండు మూడు వారాల్లో దమ్ము తగ్గడం మొదలవుతుంది, బలం ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. పూర్తిగా మానకుండా తగ్గించుకుంటే మాత్రం కథ వేరు. 1981లో హిక్సన్ అనే పరిశోధకుడు, తన సహచరుడితో కలిసి, వారానికి 6 రోజులు, రోజుకు 40 నిమిషాలు గట్టిగా శ్రమించినవాళ్లను తీసుకొని కొందరికి 4 రోజులకు, కొందరికి 2 రోజులకు తగ్గించాడు. 15 వారాల తర్వాత కూడా వాళ్ల ఆక్సిజన్ వాడకపు సామర్థ్యం దాదాపు అలాగే ఉంది. షరతు ఒక్కటే, చేసే ఆ కొద్ది రోజులూ తీవ్రత తగ్గించలేదు.

బరువుల విషయంలోనూ ఇదే నా అనుభవం. వారానికి రెండు రోజులు, 30–35 నిమిషాలు. సెట్లు సగానికి తగ్గించండి, బరువు తగ్గించకండి. బరువులు లేకపోతే ఇసుక నింపిన గోనెసంచి, నీళ్లు నింపిన రెండు 20 లీటర్ల క్యాన్లు చాలు. బస్తాలు లారీకి ఎత్తిన రోజు ఏమీ చేయకండి. ఆ రోజు చేయలేదని టెన్షన్ పడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అప్పటికే వాళ్లు టన్నుల బరువు ఎత్తి ఉంటారు.

అపోహ: మన వైపు 34, 35 డిగ్రీలే, రాయలసీమ ఎండ కాదు కదా!

నన్ను అందరికంటే ఎక్కువ భయపెట్టేది ఈ మాటే. చెమట కారడం వల్ల ఒళ్లు చల్లబడదు, చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి బయటికి పోతుంది. సముద్రపు గాలిలో తేమ వల్ల మన దగ్గర చెమట సరిగా ఆవిరి కాదు, బనియన్ తడిపి నేల మీద పడుతుంది. నీరు పోయింది, వేడి పోలేదు. వాతావరణ శాఖ వడగాలులు ప్రకటించడానికి మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు చూస్తే, తీరప్రాంతాల్లో 37 నుంచే లెక్కలోకి తీసుకుంటుంది.

నాకిది తెలిసొచ్చింది ట్రైనర్‌గా మూడో ఏడు. ఏసీ హాల్లోంచి ఊరెళ్లి, రెండో రోజే పొద్దుట కాయలు మోసి, సాయంత్రం నాలుగింటికి గట్టు మీద స్ప్రింట్లు మొదలుపెట్టాను. ఆరోదానికి పిక్కలు పట్టేశాయి, ఏడోదానికి కళ్లు బైర్లు కమ్మి మామిడిచెట్టు కింద వాంతి చేసుకున్నాను. అమ్మ బోరు దగ్గర కూర్చోబెట్టి తల మీద నీళ్లు పోసింది. నాన్న ఒక్క మాటే అన్నారు: "దుక్కిటెద్దుని కూడా మొదటి రోజు సగం పూటే కడతాంరా."

శరీరశాస్త్రం చెప్పేదీ అదే. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. అందుకని మొదటి వారం పని మాత్రమే చేయండి, కసరత్తు పేరుతో నడక, సాగదీతలు చాలు. మే నెలలో మనకు అయిదున్నర కాకముందే సూర్యోదయం అవుతుంది. పని తొమ్మిదిన్నరకు ముగించి, కసరత్తు సాయంత్రం ఆరు తర్వాత పెట్టుకోండి.

ఇంకో ప్రమాదకరమైన నమ్మకం, "చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు" అనేది. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. గుర్తుపట్టాల్సింది మాటలో తేడా, తికమక, తూలడం. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

అపోహ: కొబ్బరినీళ్లు తాగితే అన్నీ వచ్చేస్తాయి.

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. కాబట్టి తాగండి, కానీ దాంతో సరిపెట్టుకోకండి. ఉప్పు వేసిన మజ్జిగ, తరవాణి (పులిసిన గంజి), ఆవకాయ నంజుకున్న చద్దన్నం ఈ కాలానికి మంచివి. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు గురించి డాక్టర్‌ని అడగాలి. గంటల తరబడి చెమట పట్టినప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే, లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో కుప్పగా కాకుండా గీటుగా కొలిచి కలుపుకోండి.

ఎంత తాగాలో కాటాయే చెబుతుంది. కాయలు తూచే కాటా ఎలాగూ షెడ్డులో ఉంటుంది. పనికి ముందు ఒకసారి, తర్వాత ఒళ్లు తుడుచుకొని ఒకసారి ఎక్కండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. అది కొవ్వు కరగడం కాదు, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తుంది, రావాలి కూడా.

అపోహ: వంద కిలోల డెడ్‌లిఫ్ట్ చేసేవాడికి 50 కిలోల బస్తా ఒక లెక్కా?

లెక్కే. బార్‌కి పట్టు ఉంటుంది, బరువు రెండు వైపులా సమానంగా ఉంటుంది, కాళ్ల కింద నేల కదలదు. బస్తాలో సరుకు ఒక మూలకు జారుతుంది, చెవులు పట్టుకొని ఎత్తి, అలాగే నడుము తిప్పి ట్రాక్టర్‌లో వేస్తాం. నడుము పట్టేది ఆ తిప్పడంలోనే. ఎత్తాక పాదాలు తిప్పి ఒక అడుగు వేయండి, తర్వాత బస్తాను ట్రాక్టర్‌లో వేయండి. ఎత్తు నుంచి ఎత్తుకు మార్చగలిగితే నేల మీద పెట్టనే వద్దు. మా కళాసీలు ఇదే చేస్తారు, వాళ్లను చూసే నేనూ నేర్చుకున్నాను.

అపోహ: ఊళ్లో ప్రోటీన్ దొరకదు.

ఉలవలు, పప్పు, కోడిగుడ్లు, పెరుగు, వేరుశనగ గుళ్లు, ఎండుచేపలు ఇంట్లోనే ఉంటాయి. 100 గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి వెళ్లేవాళ్లు దానికి తోడు రెండు గుడ్లు తినండి. మామిడిపళ్ల గురించి కూడా అడుగుతారు: పనిచేసే మనిషికి రోజుకు రెండు పళ్లు ఏమీ చేయవు.

జూన్‌లో తిరిగొచ్చాక మొదటి వారం పాత బరువుల్లో ఎనభై శాతం దగ్గర ఆపండి. వచ్చేటప్పుడు ఆ పుస్తకం కూడా తెండి, గెడ పట్టిన గంటలు చూశాకే మీ కొత్త షెడ్యూల్ రాస్తాను.