మోకాలి లోతు నీళ్ళకు కారెందుకు లేస్తుంది?

"కారు బరువు దగ్గర దగ్గర టన్ను. వాగు దాటే చప్టా మీద నీళ్ళు మోకాలి దాకా కూడా లేవు. మరి ఎలా కొట్టుకుపోయింది సార్?" వానాకాలం వస్తే ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. వాగులో కారు కొట్టుకుపోయే వీడియో టీవీలో వచ్చిన రోజైతే చెప్పక్కర్లేదు. "ఉద్ధృతి ఎక్కువ కదా" అనేస్తే సగం జవాబే చెప్పినట్టు. నీళ్ళు కారును పక్కకు తోసే ముందు పైకి లేపుతాయి.

ఖాళీ బిందెను మూతి పైకి ఉంచి నీళ్ళ తొట్టిలోకి అదమండి. సగం మునిగేసరికే చేతిని తన్నేస్తుంది. అది పక్కకు నెట్టిన నీటి బరువెంతో, దాన్ని పైకి తోసే బలమూ అంతే. ఇదే ఆర్కిమెడిస్ సూత్రం. బడిలో ఆ పేరు రాగానే కిరీటం కథ చెప్పి, ఒక లెక్క చేయించి వదిలేస్తాం. కారు లెక్క చేయిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

అద్దాలు ఎత్తి, తలుపులు మూసిన కారు కూడా ఖాళీ బిందే. నీళ్ళు సందుల్లోంచి లోపలికి వస్తాయి గానీ, నింపడానికి టైం పడుతుంది. చిన్న కారు అడుగు వైశాల్యం సుమారు 5 చదరపు మీటర్లు అనుకుందాం. నలుగురు కూర్చుంటే మొత్తం బరువు 1100 కిలోలు. అడుగుభాగం నేల నుంచి 17 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నీళ్ళు ఆ ఎత్తు దాటాక, పెరిగే ప్రతి సెంటీమీటరూ 50 కిలోల బరువును తీసేస్తుంది. అంటే నీటి లోతు 39 సెంటీమీటర్లయ్యేసరికి టైర్ల మీద బరువే ఉండదు. మోకాలి కన్నా కిందే!

నిజానికి అంతదాకా ఆగక్కర్లేదు. 30 సెంటీమీటర్ల దగ్గరే 650 కిలోలు పోయి, నేలను పట్టుకున్న బరువు 450 కిలోలే మిగులుతుంది. బురద పట్టిన కాంక్రీటు మీద టైర్ల పట్టు అందులో మూడో వంతు కూడా ఉండదు, మహా అయితే 135 కిలోల బలం. సెకనుకు 2 మీటర్ల వేగంతో పారే నీళ్ళు కారు పక్కభాగాన్ని సుమారు 110 కిలోల బలంతో నెడతాయి. ఎలాగో నిలబడింది అనుకుందాం. వేగం 3 మీటర్లయితే? తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 250 కిలోలు. ఇక ఆగేదేముంది?

"మాది పెద్ద బండి" అంటారా? 1900 కిలోల బండికి అడుగు కూడా పెద్దదే, 7.5 చదరపు మీటర్లు వేసుకోండి. నేల నుంచి దాని ఎత్తు 20 సెంటీమీటర్లు. అది తేలే లోతు 45 సెంటీమీటర్లు. చిన్న కారు కన్నా ఆరు సెంటీమీటర్లు ఎక్కువ, అంతే. లక్షలు పోసి కొన్న ధైర్యం విలువ ఇంత. పైగా బురదనీటి కింద చప్టా కోసుకుపోయి గుంట పడిందో లేదో ఎవరికీ కనిపించదు. నడిచి దాటేవారికైతే వేగంగా పారే 15 సెంటీమీటర్ల నీళ్ళు చాలు, కాలు జారడానికి.

ఒకవేళ కారు నీళ్ళలో చిక్కుకుని, బయట నీళ్ళు తలుపు మీద 60 సెంటీమీటర్ల మేర నిలిస్తే, మీటరు వెడల్పున్న ఆ తలుపు మీద దాదాపు 180 కిలోల ఒత్తిడి పడుతుంది. భుజంతో తోస్తే రాదు. కరెంటుతో పనిచేసే అద్దాలు పాడవకముందే దించుకుని, అందులోంచి బయటపడాలి.

ఇక హెచ్చరికలు. భారత వాతావరణ శాఖ 2020 అక్టోబర్ నుంచి దక్షిణాసియా ఆకస్మిక వరద మార్గదర్శక వ్యవస్థను నడుపుతోంది. 6 గంటల ముప్పు, 24 గంటల ముప్పు విడివిడిగా చెబుతుంది. నాకు నచ్చింది దాని లెక్క వేసే తీరు: "ఎంత వాన పడుతుంది" అన్నదొక్కటే కాదు, "ఈ వాగు ఒడ్డు దాటడానికి ఇంకెంత వాన చాలు" అని చూస్తుంది. నేల నాని ఉంటే ఆ హద్దు చిన్నదవుతుంది. అందుకే మొన్న ఏమీ కాని వానే నేడు ఊరు ముంచుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి, బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చింది ఇలాంటి ఎడతెగని వానలకే.

ఉరుములప్పుడు మన పెద్దవాళ్ళు "అర్జునః ఫల్గుణః పార్థః..." చదివేవారు. పిడుగును ఆపే శక్తి దానికి లేదు గానీ, దాన్ని గడియారంగా వాడుకోవచ్చు. మెరుపు చూడగానే మొదలుపెట్టి నిదానంగా అందులోని అర్జునుడి పది పేర్లూ చదివితే సుమారు పది సెకన్లు. ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతుంది కాబట్టి, పదో పేరైన ధనంజయుడి దాకా రాకముందే ఉరిమిందంటే పిడుగు మూడున్నర కిలోమీటర్ల లోపే పడింది. చెట్టు కింద ఉంటే వెంటనే ఏదైనా ఇంట్లోకి నడవండి.

విచిత్రమేమిటంటే, పిడుగుకు మాత్రం ఇనుప టాపున్న కారు మంచి చోటే, కరెంటు బయటి రేకు మీంచి నేలకు దిగిపోతుంది. కాబట్టి ఉరుముల వానలో చప్టా ఎదురైతే బండి వెనక్కి తిప్పి, మెరకలో ఆపి, అద్దాలు మూసి లోపలే కూర్చోండి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిస్తే కిందికి దిగొచ్చు. వాగుకు మాత్రం ఈ అరగంట లెక్క కుదరదు. ఇక్కడ వాన వెలిసి ఎండ కాసినా అది పెరుగుతూనే ఉండొచ్చు, ఎగువన కురిసిన నీళ్ళు ఇంకా దారిలోనే ఉంటాయి.