కాల్చి చూస్తే ఖద్దరు తేలదు

మొన్న విజయనగరంలో స్టాల్ పెట్టినప్పుడు ఒకబ్బాయి కాగితం పొట్లంతో వచ్చాడు. విప్పితే నాలుగు దారప్పోగులు, చిటికెడు బూడిద. "మేడమ్, కాల్చి చూశాను. కాగితం కాలిన వాసనే వచ్చింది. అసలు పొందూరు ఖద్దరే కదా?" అన్నాడు. వాళ్ల నాన్నగారి షష్టిపూర్తికని ఫోన్‌లో చూసి పంచెల చాపు (పంచెల జత) తెప్పించాడట. సంచిలోంచి పంచె తీసి ఇస్తే వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. పడుగు (నిలువు పోగు), పేక (అడ్డం పోగు) రెండూ గీత గీసినట్టు ఒకే మందాన ఉన్నాయి. అది మిల్లు నూలే అనిపించింది. చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకా పదకొండు రోజులే టైముందన్నాడు పాపం.

పన్నెండేళ్లుగా శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు నేతవాళ్లతో కలిసి డిజైన్లు చేస్తున్నాను. ఈ బూడిద పొట్లాలు ఎన్ని చూశానో లెక్క లేదు.

అపోహ: కాల్చి చూస్తే అసలు ఖద్దరో కాదో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. వాట్సాప్‌లో ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, దీన్ని నమ్మి జనం వేలకు వేలు పోగొట్టుకుంటున్నారు. నిప్పు చెప్పేది ఒక్కటే, అందులో పాలిస్టర్ ఉందో లేదో. పాలిస్టర్ అయితే కరిగి ఉండ కడుతుంది. పత్తి అయితే కాగితంలా కాలుతుంది. మరి మిల్లు పంచె కూడా పత్తే కదా! విస్కోస్ రేయాన్ కూడా ఇంచుమించు అలాగే కాలుతుంది. ఖద్దరు అంటే చేత్తో వడికిన నూలుని చేమగ్గం మీద నేసిన బట్ట. 1956 నాటి ఖాదీ కమిషన్ చట్టంలో ఉన్న అర్థం కూడా అదే. నూలు ఎవరి చేతిలో తయారైందో బూడిద ఎలా చెబుతుంది?

"అయితే పోగు ఎగుడుదిగుడుగా ఉంటే ఖద్దరేగా?" అని వెంటనే అడుగుతారు. అదీ పూర్తిగా నమ్మకండి. పోగు సమానంగా ఉంటే అనుమానించవచ్చు. ఎగుడుదిగుడు ఉన్నంత మాత్రాన ఖాయం చేసుకోకూడదు. అక్కడక్కడ లావుగా వచ్చే స్లబ్ నూలుని మిల్లులు కావాలనే తీస్తాయి. పైగా పొందూరులో చేయి తిరిగిన మనిషి నూరు కౌంట్ నూలు (కౌంట్ పెరిగేకొద్దీ పోగు సన్నం) వడికితే, ఆ సన్నటి పోగులో తేడా పట్టడం నాకే కష్టం.

అందుకే అందరికీ చెబుతున్నాను, బట్టని పరీక్షించడం మానేసి దాన్ని చేసిన మనిషిని వెతకండి. ఫోన్‌లో మొదట కనిపించేవాళ్లే తయారీదారులని అనుకోకండి. వడికేవాళ్లలో చాలామంది పెద్దవయసు ఆడవాళ్లు, వాళ్ల పేరు ఏ పేజీలోనూ ఉండదు. అమ్మేవాళ్లకి ఫోన్ చేసి నూలు ఏ కౌంటో, ఏ ఊళ్లో వడికారో, నేసిందెవరో, ఇప్పుడు మగ్గం మీద ఏముందో అడగండి. పని తెలిసినవాళ్లు మీరు అడగనిది కూడా చెబుతారు, ఇక ఆపరు! తెలియనివాళ్లు ఇంకో పది ఫొటోలు పంపుతారు. మధ్యవర్తులంతా మోసగాళ్లని నేననను. మంచి మధ్యవర్తి ఇది ఎవరి చేతి పనో చెబుతాడు, అడిగితే మనిషిని కలుపుతాడు. ఖాదీ మార్కు కూడా చూడండి. 2013 నిబంధనల ప్రకారం ఖాదీ పేరుతో అమ్మాలంటే ఆ సర్టిఫికెట్ ఉండాలి.

ఆ అబ్బాయికి సంగతి చెప్పి పొందూరు రమ్మన్నాను. రెండు రోజులకే ప్యాసింజర్ బండి ఎక్కి వచ్చాడు. తెలిసిన పెద్దావిడ ఇంటికి తీసుకెళ్లాను. ఎండిన అరటి దొప్పలోంచి ఏకు (వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్ట) తీసి రాట్నం ముందు కూర్చుంది ఆవిడ. తనూ చెయ్యి పెడతానంటే ఇచ్చింది. మూడుసార్లూ తెంపేశాడు. "బావూ, లాగీకు. దాని మానాన దాన్ని రానియ్యాల" అంది ఆవిడ. కొత్తగా నేయించే టైము లేదు కాబట్టి 1949 నుంచి ఉన్న ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘంలో తయారుగా ఉన్న చాపు చూపించాను. ధర విని బేరం ఆడలేదు. రాట్నం తిప్పి చూసినవాళ్లు ఎవరూ ఆడటం నేను చూడలేదు.

అపోహ: పొందూరు ఖద్దరు తయారీలో చేప ముల్లు వాడతారు కాబట్టి అది పూజకి పనికిరాదు.

వాస్తవం: పెద్దవాళ్లు ఇది చాలా భయంగా అడుగుతారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. వాలుగ చేప దవడ ఎముకకి సన్నటి పళ్లుంటాయి. గింజ తీయకముందు పత్తిని దానితో దువ్వుతారు, చెత్తంతా పోయి పోగులు సాఫీగా వస్తాయి. అది దువ్వెన, అంతే. బట్టలో దాని ముక్క ఏమీ ఉండదు. ఆపైన ఉతుకుతారు కూడా. ఇక కట్టుకోవడం, మానడం మీ ఇష్టం.

అపోహ: బుడితి ఊరి ఇత్తడి చెంబు నల్లబడింది, నకిలీ అంటగట్టారు.

వాస్తవం: ఇత్తడిలో రాగి ఉంటుంది, అందుకే గాలికి నల్లబడుతుంది. చింతపండుతో తోమండి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో మాత్రం పులుసు కాచకండి.

అపోహ: జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది కాబట్టి ఆ పేరుతో అమ్మేదంతా మంచిదే.

వాస్తవం: జీఐ ఊరి పేరుని కాపాడుతుంది. మీ చేతిలో ఉన్న ఫలానా వస్తువుకి హామీ ఇవ్వదు.

అపోహ: ముందే అడ్వాన్స్ అడిగితే మోసగాడే.

వాస్తవం: షష్టిపూర్తి అయ్యాక ఆ అబ్బాయే మళ్లీ ఫోన్ చేశాడు. విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటున్న చెల్లెలికి బొబ్బిలి వీణ కొనాలట. "అడ్వాన్స్ అడుగుతున్నారు మేడమ్, మళ్లీ మోసపోతానేమో" అన్నాడు. ఒకసారి దెబ్బ తిన్నాడు, భయం ఉంటుంది. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. దుంగ కొనాలి, ఆరబెట్టాలి, చెక్కాలి, మైనం మీద 24 మెట్లు బిగించాలి, శ్రుతి చూడాలి. డబ్బు చేతిలో పడకుండా దుంగ ఎక్కడినుంచి తెస్తారు? బహుమతికిచ్చే బుల్లి వీణలు తయారుగా దొరుకుతాయి గానీ వాటి మీద పాఠం సాగదు. ముక్కూమొహం తెలియని ఖాతాకి మాత్రం పంపవద్దన్నాను. వీణలు చేసేది బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లిలో, అక్కడికి వెళ్లి పని చూసి, మీ దుంగ ఏదో అడిగి, రసీదు రాయించుకుని ఇవ్వమన్నాను.

ఆదివారం చెల్లెల్ని తీసుకుని వెళ్లాడు. సాయంత్రానికి దుంగ పక్కన ఆ పిల్ల నిలబడ్డ ఫొటో, రసీదు ఫొటో రెండూ పంపాడు.