కొత్త రైఫిల్ బ్యారెల్‌ను రాగి ఎందుకు పట్టుకుంటుంది?

కొత్త రైఫిల్ బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, చేతికి రాగానే ఒక్కో తూటా పేల్చడం, పేల్చిన ప్రతిసారీ లోపల శుభ్రం చెయ్యడం చాలామంది షూటర్లకు అలవాటు. దీన్నే బ్రేక్-ఇన్ అంటారు. ఇదంతా వృథా శ్రమని తీసిపారేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లలో బ్యారెళ్లు తయారుచేసేవాళ్లు కూడా. ఈ వాదన తేలాలంటే బ్యారెల్ మొత్తంలో చూడాల్సింది ఒక చిన్న చోటే.

బుల్లెట్‌ను, అంటే తూటా నుంచి విడివడి దూసుకెళ్లే ముక్కను, గిర్రున తిప్పడానికి గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. మేలురకం బ్యారెళ్లలో, సీసపు దిమ్మకు రాపిడి పొడి పూసి చేత్తో ముందుకీ వెనక్కీ నడిపి వీటిని నునుపు చేస్తారు. అలా మిగిలే సన్నని గీతలు బుల్లెట్ వెళ్లే దిశలోనే ఉంటాయి కాబట్టి పెద్దగా ఇబ్బంది లేదు. చిక్కంతా ఆ తర్వాతే. తూటా కూర్చునే చాంబర్‌ను రీమర్ అనే కోత పనిముట్టుతో తొలుస్తారు. అది గుండ్రంగా తిరుగుతూ కోస్తుంది. దాంతో బుల్లెట్ గాడుల్లోకి దిగే చోట, అంటే త్రోట్‌లో, గీతలు అడ్డంగా పడతాయి.

1882లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ సీసపు బుల్లెట్‌కు రాగి తొడుగు వేశాడు. ఇప్పటి తొడుగుల్లో ఎక్కువగా వాడేది 95 శాతం రాగి, 5 శాతం జింకు ఉన్న మిశ్రమం. 308 విన్‌చెస్టర్ అనే రకం తూటాలో పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా అనుమతిస్తారు. అంత ఒత్తిడిలో దూసుకెళ్లే తొడుగును ఆ అడ్డగీతలు ఆకురాయిలా గీకుతాయి. వెనకే వచ్చే మండే వాయువు ఆ రాగిని మోసుకుపోయి ముందున్న గొట్టానికి పూస్తుందని కొందరు తయారీదారుల వివరణ.

బుల్లెట్లు వెళ్లేకొద్దీ ఆ గరుకు అణుగుతుంది. అయితే గీతల మధ్య రాగి నిండిపోతే తర్వాతి బుల్లెట్ రాగి మీదుగా జారిపోతుంది, ఉక్కుకు రాపిడి తగలదు. మధ్యమధ్యలో కడగమనేది అందుకే.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది గుడ్డముక్క చెప్పే సాక్ష్యం. అమ్మోనియా ఉన్న ద్రావణంతో తుడిస్తే రాగి అయాన్ చుట్టూ అమ్మోనియా అణువులు చేరి గుడ్డ ముదురు నీలం అవుతుంది. ఆ నీలం తగ్గుతూ వస్తే త్రోట్ నునుపెక్కుతున్నట్టే. ఒక జాగ్రత్త: గుడ్డను తోసే కొన ఇత్తడిదైతే అందులోనూ రాగి ఉంటుంది కాబట్టి, బ్యారెల్ శుభ్రంగా ఉన్నా గుడ్డ నీలంగానే వస్తుంది.

మరి బ్రేక్-ఇన్ వల్ల గురి మెరుగవుతుందా? ఏ బ్యారెల్ అయినా ఒక్కసారే కొత్తది. అదే గొట్టం మీద రెండు పద్ధతులూ పోల్చి చూడలేం. ఒకేలాంటి బ్యారెళ్లు ఎన్నో కావాలి. కాబట్టి ఇన్ని తూటాలనే లెక్క పెట్టుకునే కన్నా గుడ్డ రంగు చూసి నడుచుకోవడమే సబబని నా అభిప్రాయం. నాలుగైదు తూటాలకే నీలం పలచబడితే అక్కడితో ఆపేయొచ్చు. అవసరం లేకుండా గుడ్డను నెట్టే రాడ్ తోస్తూ పోతే బ్యారెల్ ముందు కొన అంచు దెబ్బతినొచ్చు, బుల్లెట్ చివరగా వదిలే చోటు అదే కనుక గురి చెడుతుంది. రాడ్‌ను తిన్నగా నడిపించే గైడ్ పెట్టి చాంబర్ వైపు నుంచే నడపాలి. లోపల క్రోమ్ పూత ఉన్న బ్యారెళ్లకైతే ఈ శ్రమ దాదాపు అక్కర్లేదు. ఆ పూత ఉక్కుకన్నా గట్టిది, నాలుగు బుల్లెట్లకు అరిగేది కాదు.